పిచ్చుక కాలికి కడియము



మన సండేస్కూలు బాలుడొకడు నన్నిట్లడిగెను: "అయ్యగారూ, పిచ్చుకను వలవేసి పట్టి, కాలికి నంబరు కడియము తొడిగి విడిచిపెట్టుదురట. అది పాపము కాదా?" ఈ పిల్లవాడే జొన్నచేలో మంచె యెక్కి ఒడిసెల త్రిప్పువాడు గనుక నాకు నవ్వు వచ్చినది. అయినను ప్రశ్న నవ్వదగినది కాదు.

పక్షిశాస్త్రజ్ఞుడైన సలీం అలీ (1896–1987) బాల్యమున, 1906–07 ప్రాంతమున, గోడరంధ్రములో ఆడపిచ్చుక పొదుగుచుండగా బయట కావలియున్న మగదానిని గాలితుపాకితో కొట్టెను. ఆడది మరియొక మగదానిని తెచ్చుకొనెను. ఇట్లు ఏడు దినములలో ఎనిమిదింటిని కొట్టి, ఆ సంగతి వ్రాసిపెట్టుకొనెను. జ్ఞానము దొరికినది, ఎనిమిది ప్రాణములు పోయినవి.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు 1927లో కడియముల పని ఆరంభించిరి. సన్నని వలలో చిక్కిన పక్షిని విడదీసి, తూచి, రెక్క కొలిచి, తేలికైన అల్యూమినియము కడియము వేసి వదలుదురు. అమెరికాలో మార్గరెట్ మోర్స్ నైస్ అను స్త్రీ 1928 మొదలుకొని ఒక జాతి పిచ్చుకలకు రంగుకడియములు వేసి, ఒక్కొక్కదాని కాపురమును ఏండ్ల తరబడి కనిపెట్టెను. తుపాకి పట్టినవానికి అన్నియు ఒకటే పిచ్చుక. కడియము వేసినవారికి ఇది వేరు, అది వేరు. మత్తయి 10:29లో ప్రభువు మాటలాడినది గుంపును గూర్చి కాదు, వాటిలో ఒకదానిని గూర్చియే గదా!

ద్వితీయోపదేశకాండము 22:6, 7 చూడుడి. గూటిలోని పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని పోనియ్యవలెను. అక్కడ ధర్మశాస్త్రము చేతిని కట్టివేయలేదు, చేతికి హద్దు పెట్టెను. వలకును హద్దు కావలెను. వేసినవాడు దూరముపోయిన యెడల పక్షి ఎండకు అందులోనే చచ్చును. జాగ్రత్తపడినను కొన్ని చచ్చుట కద్దు, దానిని దాచరాదు.

మనమైతే ఏ వలయు వేయలేదు. పత్తికిని మిరపకును మందు కొట్టితిమి. పిచ్చుక తన పిల్లల నోట పెట్టు పురుగులును ఆ మందుకే చచ్చును. మా చిన్ననాడు చూరుకు వరికంకుల కుచ్చు కట్టిన యెడల సాయంత్రమునకు ఊకయే మిగిలెడిది. ఇప్పుడు కుచ్చు కుచ్చుగానే యున్నది. ఎన్ని పోయినవో మనయొద్ద లెక్క లేదు, ఎవరును లెక్కింపలేదు గనుక.

వల వేయువాడు వలయొద్దనే కనిపెట్టుకొని యుండిన యెడల తప్పులేదని ఆ బాలునికి చెప్పితిని. వాడు ఒప్పుకొనలేదు. "పిచ్చుక నడిగినారా, అయ్యగారూ?" అనెను. దానికి నాయొద్ద జవాబు లేకపోయెను.