పాము పగపడుతుందా?

పొలం గట్టున పామును కొడితే దాని జోడు వెతుక్కుంటూ ఇంటికొస్తుందని మన నానమ్మలు చెప్పేవారు. అది నిజం కాదు. పాముకు మనిషిని గుర్తుపెట్టుకొని వెంటాడే శక్తి లేదు. ఈ భయాన్ని దైవప్రవక్త (స) ఖండించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

ప్రాణం తీసేది కాటు పడ్డాక మంత్రగాని వాకిట్లో గడిచిపోయే సమయం. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు. మంత్రం పారిందనుకుంటాం. తర్వాత రెప్పలు వాలిపోతాయి, ఊపిరి అందదు.

‘విషపురుగు కుట్టిన తెగ నాయకునిపై ఒక సహాబీ ఫాతిహా సూరా పఠిస్తే నయమైంది కదా!’ అని మీరు అడగవచ్చు. నిజమే, బుఖారీలో ఉంది. తప్పక పఠించండి, ఆసుపత్రికి వెళ్లే ఆటోలో కూర్చుని పఠించండి. చికిత్స చేయించుకోమని చెప్పిందీ ఆ ప్రవక్తే (స). నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ 4 పాముల విషానికీ ఒకే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. గాయాన్ని కోయకండి, తాడు బిగించకండి. కరిచిన కాలు కదలనివ్వకండి.

రాత్రి మడికి నీళ్లు పెట్టబోయే అబ్బాయికి టార్చిలైటు, బూట్లు ఇచ్చి, ఆపైన అల్లాహ్‌కు అప్పగించండి.