మిమ్మల్నెవరు పంపారు?

మనిషి అభిప్రాయం అతని సొత్తేనా? ఎవరో వచ్చి అడిగిన క్షణంలో, ఆ అడిగినవాని ముఖం చూసి నోటికి వచ్చిన మాటను అతని అభిప్రాయమని అనవచ్చునా? తాత్వికులకు ఇది పాత ప్రశ్నే. దాని పదును నాకు బాగా తెలియవచ్చింది మాత్రం ఏ తత్వగ్రంథంలోనూ కాదు, ఆఫ్రికా ఖండంలో ప్రజాభిప్రాయం సేకరించే ఒక సంస్థవారి ప్రశ్నావళి చివరలో.

ఆ సంస్థ ఆఫ్రోబారోమీటర్. 1999లో ఘనా, దక్షిణాఫ్రికా, అమెరికాలలో పనిచేస్తున్న ముగ్గురు పండితులు, గ్యిమా-బోఆది, రాబర్ట్ మాటెస్, మైకేల్ బ్రాటన్ దానిని ఆరంభించారు. మొదటి విడతలో 12 దేశాలు. 2021-23 నాటి తొమ్మిదవ విడతకు 39 దేశాలు, యాభై మూడు వేలకు పైగా మనుషులు. ఆ లెక్కలన్నిటినీ క్రోడీకరించి 2024లో ప్రజాస్వామ్యం గురించి ఒక పెద్ద నివేదిక వెలువరించారు. ఆ 2024 సంవత్సరమే నాకు ఇక్కడ ముఖ్యం. ఎందుకంటే ఆ ఏడు ఆఫ్రికా ప్రజలు సర్వే కాగితాలకే కాదు, బ్యాలెటు పెట్టెలకూ, నడివీధులకూ తమ మాట చెప్పారు.

దేశం ఎంత పెద్దదైనా ఎంపిక చేసేది సాధారణంగా 1200 మందిని, లేదా 2400 మందిని. ఇంత కొద్దిమందితో దేశం మనసు ఎలా తెలుస్తుందని నవ్వేవారున్నారు. అన్నం ఉడికిందీ లేనిదీ ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలియడం లేదా? అయితే కుండ అడుగుదాకా కలిపి ఉండాలి. ఆ కలపడానికే వీరు పడే పాటు చూడదగ్గది. ఏ ఊరు, ఏ ఇల్లు, ఇంట్లో ఎవరు అన్నది అడిగేవాని ఇష్టానికి వదలరు, యాదృచ్ఛికంగా తేలుస్తారు. ఒక ఇంట మగవాణ్ణి అడిగితే తరవాతి ఇంట ఆడమనిషిని అడగాలి. భర్త ముందుకు వచ్చి ‘దానికేం తెలుసు, నన్నడగండి’ అంటే కుదరదు. చెప్పేవారు కోరిన భాషలోనే అడగాలి. ఊరి పెద్దతో రెండు మాటలాడి, ఊరంతా ఇదే అనుకుంటున్నదని రాసుకుపోయే పాత దొరతనపు పద్ధతికీ దీనికీ ఎంత దూరమో వేరే చెప్పనక్కర లేదు.

ఇంటర్వ్యూ మొదట్లోనే అడిగేవారు చెప్పుకుంటారు: మేము ప్రభుత్వం మనుషులం కాము, ఏ పార్టీకీ చెందినవారము కాము. ప్రశ్నలన్నీ అయిన తరవాత చివరికి ఇలా అడుగుతారు: ఇంతకూ మమ్మల్ని ఎవరు పంపారనుకుంటున్నారు? చాలా దేశాలలో చాలామంది ఇచ్చే జవాబు ‘ప్రభుత్వమే’ అని! ఇంటికి వచ్చినవాడు కాదు మొర్రో అని ముందే చెప్పినా వారు నమ్మలేదు.

దీనిని అజ్ఞానమని కొట్టిపారవేసే విద్యావంతులతో నాకు పేచీ ఉంది. ఇది అజ్ఞానం కాదు, చరిత్ర నేర్పిన జ్ఞానం. ఆఫ్రికా పల్లెలో కాగితమూ కలమూ పట్టుకుని గడపలోకి వచ్చినవాడు తరతరాలుగా ఎవడు? గుడిసెలు లెక్కపెట్టి పన్ను వేసేవాడు. గుడిసె పన్ను మీద సియెర్రా లియోన్ ప్రజలు 1898లోనే తిరగబడ్డారు. ఆగ్నేయ నైజీరియాలో 1929 నవంబరులో జరిగిన ఉదంతం ఇంకా చెప్పుకోదగ్గది. ఒలోకో అనే ఊళ్ళో, తెల్లదొరలు నియమించిన ముఖ్యుని తరఫున లెక్కలు రాసే మనిషి ఒకడు న్వాన్యెరువా అనే విధవరాలి ఇంటికి వచ్చి, నీ మేకలెన్ని, గొర్రెలెన్ని, ఇంట్లో మనుషులెందరని అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. నీ తల్లిని ఎవరైనా ఇలా లెక్కపెట్టారా అని ఎదురు ప్రశ్న వేసింది. మగవారికి వేసిన పన్ను ఆడవారి మీదకూ వస్తున్నదని ఊరూరా కబురు పాకింది. వేలాది స్త్రీలు కదిలారు. దొరతనంవారు తుపాకులు పేల్చగా యాభైమందికి పైగా స్త్రీలు నేలకొరిగారు. ఆ నేలమీద పుట్టి పెరిగినవారు, ప్రశ్నలతో వచ్చిన మనిషిని చూసి ‘నిన్నెవరు పంపారు?’ అని మనసులో అనుకోకుండా ఎలా ఉంటారు?

అనుకోవడంతో ఆగదు, అది జవాబునూ మార్చుతుంది. ప్రభుత్వమే పంపిందని నమ్మినవారు, నమ్మనివారికన్నా దేశాధ్యక్షుని మీద ఎక్కువ విశ్వాసం ప్రకటిస్తారని పరిశోధకులు ఆ లెక్కలనుంచే తేల్చారు. రాజకీయాలు మాట్లాడేటప్పుడు జనం జాగ్రత్తగా ఉండవలసి వస్తున్నదా అన్నది కూడా ఆ ప్రశ్నావళిలో ఒక ప్రశ్నే. భయాన్ని గురించి భయపడేవాణ్ణే అడగడమన్నమాట! అడగకపోవడంకన్నా ఇది మేలు. కాని ఎరిట్రియా వంటి దేశంలో ఆ ప్రశ్న అడగడానికే వీలు లేదు. భయం ముదిరిన చోట పట్టికలో గడే ఉండదు.

ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు పియేర్ బూర్దియూ 1970లలోనే, ప్రజాభిప్రాయమన్న వస్తువు ఉనికిలోనే లేదని వాదించాడు. ప్రతివారికీ అభిప్రాయం ఉంటుందని, అన్ని అభిప్రాయాల బరువూ ఒకటేనని, ఫలానా ప్రశ్న అడగదగ్గదని అందరూ ఒప్పుకున్నారని సర్వేలవారు ముందుగానే అనుకుంటారని ఆయన ఆక్షేపణ. అభ్యుదయవాదులమైన మనకు ఈ వాదం వినగానే రుచిస్తుంది. అభిప్రాయాలు విడివిడిగా గదుల్లో కాక సంఘర్షణలో, నలుగురూ కూడిన చోట పుడతాయని మనమూ అంటూనే ఉన్నాము గదా. అయినా ఈ వాదాన్ని ఆఫ్రికాకు యథాతథంగా ఎగుమతి చేయడానికి నేను ఒప్పుకోను. పారిస్‌లో కార్మికునికి సంఘం ఉంది, పత్రిక ఉంది, సమ్మె ఉంది. మలావీలో మొక్కజొన్న చేలో ఒంగి కలుపు తీసే స్త్రీని, దేశం ఎలా నడవాలో చెప్పమని ఆమె భర్తా అడగలేదు, మంత్రీ అడగలేదు. ఆమె మాటకూ మంత్రి మాటకూ ఒకే బరువు వేసే త్రాసు తప్పుడు త్రాసైతే, మన ఓటు కూడా తప్పుడు త్రాసే కావాలి.

చిక్కు త్రాసులో లేదు, తూచిన దానిని అమ్ముకునేవారిలో ఉంది. 2024 నివేదికలో 39 దేశాల సగటు మీద నూటికి 66 మంది ఏ ఇతర పాలనకన్నా ప్రజాస్వామ్యమే మేలన్నారు. సైనిక పాలన వద్దన్నవారూ నూటికి 66 మందే. అదే నోటితో 53 మంది ఇంకొక మాటా అన్నారు: ఎన్నికైన నాయకులు తమ స్వార్థానికి అధికారం దుర్వినియోగం చేస్తే సైన్యం పాలన చేజిక్కించుకోవచ్చునని. ఈ రెండింటిలో ఏ ఒక్కటి చదివి ఊరుకున్నా అబద్ధమే అవుతుంది. మాలీ, గినీ, బుర్కినా ఫాసో, నైజర్, గబాన్ దేశాలలో 2020కీ 2023కీ మధ్య సైన్యం అధికారం లాక్కున్నది. ఆ జనరళ్ళకు కావలసింది 53 ఒక్కటే. ‘నాయకులు దుర్వినియోగం చేస్తే’ అన్న షరతు వారి చెవికి ఎక్కదు. విదేశీ వ్యాఖ్యాతలలో కొందరికీ అదే చాలు; ఆఫ్రికావాడికి ప్రజాస్వామ్యం పడదన్న పాత పాటకు కొత్త తాళం దొరుకుతుంది. దక్షిణాఫ్రికాలో పదేళ్ళలో ప్రజాస్వామ్యం మీద మొగ్గు 29 పాయింట్లు పడిపోయిందంటే, అది ప్రజల చపలత్వమా, లేక కరెంటూ కొలువూ ఇవ్వలేని పాలనకు వారిచ్చిన మార్కులా?

జవాబు ఆ ఏడే వీధిలో దొరికింది. 2024 మే నెలలో దక్షిణాఫ్రికా ప్రజలు మూడు దశాబ్దాలుగా ఏలుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసుకు మెజారిటీ లేకుండా చేశారు. జూన్‌లో కెన్యా యువకులు పన్నుల బిల్లు మీద పార్లమెంటులోకే చొరబడ్డారు. ప్రాణాలు పోయాయి, బిల్లు వెనక్కి పోయింది. అక్టోబరులో బోట్స్వానా ఓటర్లు, 1966లో స్వాతంత్య్రం వచ్చిననాటినుంచి 58 ఏళ్ళు గద్దె మీద ఉన్న పార్టీని దింపారు. అధికారాన్ని దుర్వినియోగం చేసేవారిని ఏం చేయాలన్న ప్రశ్నకు వీరు సైన్యాన్ని పిలవకుండానే జవాబు చెప్పారు. ఆ ప్రశ్నావళిలో ఉన్నవి సైన్యం రావచ్చునా, రాకూడదా అన్న రెండు దారులే. ప్రజలు మూడవది చూపించారు.

మాటల సంగతి కూడా ఒకటుంది. సెనెగల్‌లో వోలోఫ్ మాట్లాడేవారు ఫ్రెంచి నుంచి వచ్చిన ‘దెమొక్రాసి’ అన్న మాటను పరస్పరం పంచుకోవడం, అందరినీ సమంగా చూడడం అన్న అర్థంలో వాడతారని ఫ్రెడరిక్ షాఫర్ 1998లో తన గ్రంథంలో వివరించాడు. అలాంటి మనిషి ప్రజాస్వామ్యం కావాలంటే ఎన్నికలే కావాలంటున్నాడో, తిండిలో వాటా కావాలంటున్నాడో ఆ పట్టిక చెప్పదు. ఒకవేళ రెండూ ఒకటేనని అతని ఉద్దేశమేమో!

తిండి గురించి కూడా అడుగుతారు. గడచిన ఏడాదిలో మీ ఇంట్లో ఎన్నిసార్లు తిండి చాలలేదు, మంచినీళ్ళు దొరకలేదు, మందులు లేకపోయాయి, వంటచెరకు లేకపోయింది, చేతిలో డబ్బు ఆడలేదు? అయిదు లేములు. ‘ఎన్నడూ లేదు’ నుంచి ‘ఎల్లప్పుడూ’ దాకా ఒక మెట్టు ఎంచుకోవాలి. ‘ఎల్లప్పుడూ’ అని చెప్పిన తల్లి ముందు కూర్చున్న యువకుడు ఆ గడిలో గుర్తు పెట్టి తరవాతి ప్రశ్నకు పోవాలి. పోకపోతే ఆ లెక్కే తయారు కాదు. ఆ లెక్క లేకపోతే, జాతీయాదాయం పెరిగిందని మంత్రులు చెప్పే మాటకు ఎదురు చెప్పే కాగితమూ ఉండదు. అతణ్ణి నేను తప్పుపట్టను. కాని ఆ తల్లి మనసులో మెదిలే ప్రశ్నకు నిజమైన జవాబు ఒకటుంది, అది ఆమెకు తెలియాలి. ఈ పనికి డబ్బు చాలాకాలం స్వీడన్ ప్రభుత్వ సంస్థ సీడా నుంచి, అమెరికావారి యూఎస్ఎయిడ్ నుంచి, మరికొందరు దాతలనుంచి వచ్చింది. 2025లో వాషింగ్టన్ ప్రభుత్వం యూఎస్ఎయిడ్‌ను మూసివేసింది. ఆఫ్రికా రైతు అభిప్రాయం ఆఫ్రికాకు తెలియడానికి ఎక్కడో దూరాన ఒక దొర సంతకం కావలసివస్తే, ప్రభుత్వమే పంపిందన్న రైతు ఊహ పూర్తిగా తప్పని ఎలా అనగలం? ఏ ప్రభుత్వమన్న దగ్గరే కాస్త పొరపడ్డాడు.

ఆ ఖర్చును ఆఫ్రికా విశ్వవిద్యాలయాలూ, కార్మిక సంఘాలూ, రైతు సంఘాలూ ఎందుకు తలకెత్తుకోకూడదు? ఎత్తుకుంటే ప్రశ్నలూ కొన్ని మారతాయి. సైన్యం రావచ్చునా అని అడిగే చోట, దానిని రాకుండా ఆపడానికి మీరేం చేయగలరని అడుగుతారు. మాలీలో సైనిక ప్రభుత్వం 2025 మే నెలలో రాజకీయ పార్టీలన్నిటినీ రద్దు చేసింది. ఆ పని ముందుగా ఎవరినీ అడిగి చేయలేదు.