వినే పరికరం, వినే మనిషి



ఈసారి ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. జేబులో పట్టే హై-రిజల్యూషన్ మ్యూజిక్ ప్లేయర్. దీనికీ ధమ్మానికీ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. బుద్ధుడు దుఃఖం ఎక్కడ పుడుతుందో చెప్పేటప్పుడు ఆరు ద్వారాలు చూపించాడు: కన్ను, చెవి, ముక్కు, నాలుక, శరీరం, మనసు. రోజుకు నాలుగైదు గంటలు చెవి ద్వారం దగ్గర కూర్చునే వస్తువు మన ఇంట్లోకి వచ్చినప్పుడు, దానితో ఎలా బతకాలో ఆలోచించడం ధమ్మంలో భాగమే.

ప్రశ్న ఇది: మంచి శబ్దం కావాలనుకోవడం తప్పా? తప్పు కాకపోతే, అది ఏ చోట తృష్ణగా మారుతుంది?

పరికరం సంగతి

మన దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి పిల్లలు చదువుకుని బెంగళూరుకో హైదరాబాదుకో పోతున్నారు. జీతం చేతికొచ్చాక కొందరికి పాట మీద మనసు పోతుంది. ఫోనులో పాటలు వస్తూనే ఉంటాయి, అయినా పాట కోసమే విడిగా ఒక ప్లేయర్ కొంటారు. ధర కొన్ని వేల నుంచి లక్ష పైదాకా ఉంటుంది. దానికి తగ్గ ఇయర్‌ఫోన్లు వేరే.

అందులో ఉన్న గొప్ప ఏమిటి? సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. హై-రిజల్యూషన్‌లో సెకనుకు 96,000 సార్లు, 1,92,000 సార్లు కూడా కొలుస్తారు. ఒక్కో కొలతకు 24 బిట్లు. అయిదు నిమిషాల పాట మామూలు ఎంపీ3లో అయిదు మెగాబైట్లు ఉంటే, సీడీ స్థాయిలో యాభై దాటుతుంది. పెద్ద హై-రిజల్యూషన్‌లో, కుదించకపోతే, మూడు వందలు దాటుతుంది.

మరి మన చెవి? చిన్న వయసులో, ఆరోగ్యంగా ఉన్న చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల దాకా వింటుంది. వయసు పెరిగే కొద్దీ పై స్వరాలు ముందు పోతాయి. సీడీ కొలతే 22,000 కంపనాల దాకా పట్టుకుంటుంది. అంటే చెవి హద్దు సీడీలోనే దాదాపు ముగిసింది.

ఈ విషయం మీద పరీక్షలు జరిగాయి. 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు, ఏ శబ్దం ఏదో చెప్పకుండా వినిపించి 554 సార్లు పరీక్షించారు. వచ్చిన సరైన జవాబులు సుమారు సగం. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో రీస్ అనే పరిశోధకుడు ఇలాంటి 18 పరీక్షలను కలిపి లెక్కేస్తే 52.3 శాతం తేలింది. తేడా ఉంది, కానీ వెంట్రుకవాసి. అందులోనే ఇంకో సంగతి ఉంది. వినడంలో ముందుగా శిక్షణ పొందినవాళ్లు 60 శాతం దాకా గుర్తుపట్టారు. నేర్చుకున్న చెవికి ఆ యంత్రం ఏదో కొంత ఇచ్చింది. నేర్చుకోని చెవికి ఇచ్చింది దాదాపు ఏమీ లేదు.

1950లలో ఘంటసాల పాడిన పాట ఆనాటి యంత్రం పట్టుకున్నంతే ఉంటుంది. దాన్ని ఎంత పెద్ద ఫైలులో పోసినా, ఆ రోజు మైకు వినని శబ్దం ఇప్పుడు కొత్తగా పుట్టదు. కడవ పెద్దదైనంత మాత్రాన బావిలో నీళ్లు పెరగవు కదా.

పాట ఎక్కడ పోయింది?

ఇప్పుడు మనసు సంగతి. బుద్ధుడు చెప్పిన గొలుసు మీకు తెలుసు. చెవి, శబ్దం కలిస్తే స్పర్శ. స్పర్శ వల్ల వేదన, అంటే సుఖమో దుఃఖమో రెండూ కానిదో అయిన అనుభూతి. వేదన వల్ల తృష్ణ. తృష్ణ వల్ల ఉపాదానం, పట్టుకుని వదలకపోవడం.

మంచి పాట విన్నాం, ఒళ్లు పులకరించింది. అది వేదన. అందులో ఏ దోషమూ లేదు. తరవాతి అడుగు చూడండి. "ఇదే పాట ఇంకా బాగా వినపడితే?" అనిపిస్తుంది. ప్లేయర్ వస్తుంది. వారం రోజులు పండగ. ఆ తర్వాత ఇయర్‌ఫోన్ల మీద అనుమానం. అవి మారతాయి. తరవాత వైరు మీద అనుమానం. తరవాత ఫైలు అసలైనదేనా అని అనుమానం. మనిషి పాట పెట్టుకుని కూర్చుంటాడు గానీ పాట వినడు. తబలా అంచు స్పష్టంగా ఉందా, గాయని ఊపిరి వినపడుతోందా అని యంత్రాన్ని పరీక్ష చేస్తుంటాడు. సగం పాటకే వేలు తరవాతి పాట మీదికి పోతుంది. ఇరవై వేల పాటలు కార్డులో ఉంటాయి, ఒక్కటీ చివరిదాకా వినడం ఉండదు.

సుఖం కోసం తెచ్చుకున్నది అసంతృప్తిని తయారు చేస్తోంది. దుఃఖం అంటే ఏడుపు మాత్రమే అనుకోకండి. "ఇది చాలదు" అని లోపల సన్నగా మోగుతూ ఉండేది కూడా దుఃఖమే.

వీణలో శబ్దాన్ని వెతికిన రాజు

సంయుత్త నికాయంలో ఒక ఉపమానం ఉంది. ఒక రాజు, అంతకు ముందు ఎన్నడూ వీణ విననివాడు, ఆ నాదం విని మోహపడతాడు. వీణ తెచ్చి చూపిస్తే, "ఈ వస్తువు నాకెందుకు, ఆ శబ్దం తెండి" అంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు చెప్పి చూస్తారు: కాయ, తోలు, దండి, తీగలు, మీటే పుల్ల, వీటికి తోడు వాయించే మనిషి ప్రయత్నం, ఇవన్నీ కూడితేనే శబ్దం వస్తుందని. రాజు వినడు. వీణను ముక్కలు చేస్తాడు, చీలికలు చేస్తాడు, కాలుస్తాడు, బూడిదను గాలిలో ఎగరేస్తాడు. శబ్దం దొరకదు. వీణ అంతా మోసం అని తేల్చేస్తాడు.

రూపం, వేదన మొదలైన అయిదు స్కంధాలలో ఎంత వెతికినా "నేను" అనేది దొరకదని చెప్పడానికి బుద్ధుడు ఈ కథ చెప్పాడు. మన విషయానికీ ఇది సరిపోతుంది. బిట్లలో, చిప్పులో, వైరులో నాదాన్ని వెతికే మనిషి ఆ రాజుకు చుట్టమే. ఆ జాబితాలో చివరిదాన్ని మాత్రం మర్చిపోకండి: వాయించే మనిషి ప్రయత్నం. రాజు చెక్కను పగలగొట్టి చూశాడు. వాయించినవాడు ఎవరని ఒక్కసారీ అడగలేదు.

అయితే సంగీతం వద్దా?

అలా అనకూడదు. గృహస్థుల పంచశీలలో పాట వినొద్దన్న నియమం లేదు. ఉపోసథ రోజున తీసుకునే అష్టశీలలో నృత్యం, గీతం, వాద్యం మానుకోవడం ఉంది. అది ఆ రోజుకు పెట్టుకున్న సాధన. దీఘ నికాయంలో పంచశిఖుడనే గంధర్వుడు బిల్వవీణ మీటుతూ పాడితే, తీగ స్వరం, గొంతు స్వరం ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయని బుద్ధుడు మెచ్చుకున్నట్టు ఉంది. బాబాసాహెబ్ అంబేద్కర్ అంతటి పని ఒత్తిడిలో కూడా పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకోబూనారు.

ఇంకో మాట. మన పడమటి కర్నూలు నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, ఇళ్ల పనులకు బెంగళూరు వైపు వలస పోతాయి. పగలంతా ఎండలో పనిచేసి రాత్రి గుడిసెలో ఫోనులో పాట పెట్టుకున్న కూలిమనిషికి "తృష్ణ వదులు తల్లీ" అని ఎవరైనా బోధిస్తే అది ధమ్మం కాదు, పొగరు. బుద్ధుడు పేదరికాన్ని పొగడలేదని బాబాసాహెబ్ స్పష్టంగా రాశారు. మన పిల్లలు మంచి వస్తువు కొనుక్కుంటే, మంచి శబ్దం వింటే సంతోషమే. తరతరాలుగా మంచివన్నీ ఇంకొకరివిగానే చూసినవాళ్లం. కొనుక్కునే హక్కు ఉంది. కొన్నాక అది మనల్ని కొనకుండా చూసుకోవాలి.

తీగ ఎంత బిగించాలి?

సోణుడనే భిక్షువు కాళ్లు నెత్తురు కారేదాకా నడిచి సాధన చేసి, ఫలితం రాక, ఇంటికి పోదామా అనుకున్నాడు. అతను ఇంట్లో ఉన్నప్పుడు వీణ వాయించేవాడు. బుద్ధుడు అతణ్ణి ఆ వీణ గురించే అడిగాడు: తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? మరీ వదిలేస్తే పలుకుతుందా? రెండూ కాదన్నాడు సోణుడు. సాధన కూడా అంతేనన్నాడు బుద్ధుడు.

మన ఊళ్లో ఈ పాఠం చదవకుండానే తెలిసినవాళ్లున్నారు. తప్పెట కొట్టే పెద్దాయన ముందు నాలుగు పుల్లలు మంటేసి తోలు కాగపెడతాడు. వేలితో తట్టి చూస్తాడు. కాగకపోతే మొద్దుగా పలుకుతుంది, ఎక్కువ కాగితే తోలు పగులుతుంది. ఆ సరైన క్షణాన్ని ఆయన చెవే చెప్తుంది. ఎమ్మిగనూరు నేతగాడిని చూడండి. మగ్గం మోతలో ఏదో తేడా రాగానే చెయ్యి ఆపి పోగు చూసుకుంటాడు. వాళ్ల దగ్గర ఏ ప్లేయరూ లేదు. ఉన్నది శిక్షణ పొందిన చెవి. ఇందాకటి పరీక్షల్లో తేడా గుర్తుపట్టింది కూడా అలాంటి చెవే.

శబ్దం కావాలి, మనిషి వద్దా?

ఇక అసలు సంగతికి వస్తాను. మన ఊళ్లల్లో పెళ్లికి తప్పెట కావాలి, జాతరకు కావాలి, చావుకు కావాలి. అది మోగకపోతే పని జరగదు. కొట్టే మనిషిని మాత్రం దూరంగా నిలబెట్టారు. ఆ చప్పుడు కావాలి, ఆ చెయ్యి అక్కర్లేదు. ఇది వీణను పగలగొట్టిన రాజు అజ్ఞానం కంటే ఘోరం. రాజు మనిషిని చూడలేదు. ఊరు చూసి కూడా అంటరాదంది.

ఇయర్‌ఫోన్‌లో వేరే రకంగా ఇదే ప్రమాదం పొంచి ఉంది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక పాట నలుగురి మధ్య నుంచి ఒక్కడి చెవిలోకి జరిగింది. అంతకు ముందు టీ హోటలు రేడియోలో కడప ఆకాశవాణి మోగితే అందరూ వినేవాళ్లు. నచ్చనివాడు కూడా వినేవాడు. ఇప్పుడు ఎవరి లోకం వాళ్లది. ఏకాంతంగా వినడంలో తప్పు లేదు, ఏకాంతం సాధనకు అవసరం కూడా. చెవిలో గాయని బాధకు కళ్లు చెమర్చిన మనిషికి, పక్కన అమ్మ పిలిచి "ఏందిరా, పలకవు" అని వెనక్కి పోయిన సంగతి తెలియకపోతే, ఆ కళ్ల తడి ఎవరి కోసం? రికార్డయిన దుఃఖం మనల్ని ఏమీ అడగదు. బతికున్న మనిషి దుఃఖం అడుగుతుంది. అందుకే మొదటిది వినడం తేలిక.

బుద్ధుని శిష్యులను పాళీలో సావకులు అంటారు. అంటే వినేవాళ్లు. బహుశ్రుతుడంటే ఎక్కువ విన్నవాడు. వినడమే శిష్యరికమైన దారి మనది.

మన పత్తికొండకూ గుత్తికీ మధ్య ఎర్రగుడి రాళ్ల మీద అశోకుని శాసనాలున్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడున్నాయి. నాలుగోదాంట్లో ఆయన, పట్టాభిషేకమైన పన్నెండేళ్లకు, భేరీ మోత ఇప్పుడు ధమ్మ ఘోషగా మారిందని చెప్పుకున్నాడు. భేరీని బద్దలు కొట్టమనలేదు చూడండి. అది ఎవరి కోసం, దేని కోసం మోగుతుందో అది మారాలన్నాడు. మీ ప్లేయర్‌ను కూడా పారెయ్యనక్కర్లేదు.

ఆచరణకు

మొదటిది, చెవిని కాపాడుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి పోతే వారానికి 4 గంటలే. పోయిన వినికిడిని ఏ ప్లేయరూ తిరిగి ఇవ్వదు.

రెండోది, రోజుకు ఒక్క పాట. కదలకుండా, మొదటి నుంచి చివరిదాకా. వేలు తరవాతి పాట కోసం కదిలినప్పుడు దాన్ని గమనించండి. ఆ కదలిక తృష్ణ. దాన్ని తిట్టొద్దు, చూడండి చాలు.

మూడోది, ఇంకా ఖరీదైనది కొనాలనిపిస్తే ఒక పౌర్ణమి నుంచి ఇంకో పౌర్ణమి దాకా ఆగండి. అప్పటికీ అవసరం అనిపించి, అప్పు లేకుండా కుదిరితే కొనండి.

నాలుగోది, విన్న పాట వెనక మనుషుల పేర్లు తెలుసుకోండి. రాసిందెవరు, పాడిందెవరు, వాయించిందెవరు.

అయిదోది, ఎవరైనా పిలిస్తే ఇయర్‌ఫోన్లు రెండూ తీసి, మొహం వాళ్ల వైపు తిప్పి వినండి. ఒక చెవి మనిషికి, ఒక చెవి పాటకు వద్దు.

ఆరోది, ఊరికి వచ్చినప్పుడు తప్పెట పెద్దాయన దగ్గర కూర్చోండి. అరుగు మీద పక్కపక్కన. ఆయన ఒప్పుకుంటే మీ ఫోనులో ఆ దరువులు రికార్డు చేసి, ఆయన పేరు రాసి పెట్టండి. నాట్ల పాటలు వచ్చిన అవ్వల దగ్గరకూ పోండి. మన వాళ్ల శబ్దాలను మంచి యంత్రంతో రికార్డు చేసినవాళ్లు చాలా తక్కువ. ఆ అవ్వ పోతే ఆ పాట ఏ ఫైలులోనూ దొరకదు.

వచ్చే పౌర్ణమికి అష్టశీల తీసుకునేవాళ్లు ఆ ఒక్క రోజు ప్లేయర్ ఆపి పెట్టండి. తీసుకోనివాళ్లు ఒక గంట ఆపండి. ఆ గంటలో ఏమేం వినపడ్డాయో, ఎవరెవరు వినపడ్డారో ఒక కాగితం మీద రాసుకుని రండి. కూర్చుని మాట్లాడుకుందాం.