ఇంటిపేరు – ఆస్తియా? బాకీయా?

మనుష్యుడు తాను సంపాదింపకయే పొందునట్టిది ఇంటిపేరు. సంపాదింపని దానిని గూర్చి గర్వించుట న్యాయమా? పనికిరాదని విడిచిపెట్టుట న్యాయమా? తెలుగు, కన్నడము, తమిళము మూడును కలిసి బ్రదుకు కోలారు సీమలో ఈ ప్రశ్నకు చక్కని సాక్ష్యము దొరకును.

ముళబాగల్ తాలూకాలోని కురుడుమలె గ్రామమునే చూడుడు. సుమారు 13 అడుగుల ఏకశిలా గణపతిని దర్శింప వచ్చు యాత్రికులలో కన్నడ మెరిగినవారు ‘కురుడు’ అనగా గ్రుడ్డితనము కదా, ఈ కొండకు ఆ పేరేల యని అడుగవచ్చును. దేవతలు కూడిన కొండ యగుటచే కూడుమలె యనబడి, వాడుకలో కురుడుమలె అయినదని పెద్దలు చెప్పుదురు. వినినంతనే తోచు అర్థము వేరు, పెద్దలు చెప్పు అర్థము వేరు. ఊరిపేరే ఇట్లుండగా, ఇంటిపేరు వినినంతనే మనిషికి వెలకట్టుట ఎంత తొందరపాటు!

తెలుగువారి ఇంటిపేర్లలో పెక్కింటికి ఊరిపేరే మూలము. ఆ ఊరిలో నున్నంతకాలము ఆ పేరుతో పనిలేదు. అందరును ఆ ఊరివారే. వేరొకచోట చేరినప్పుడే ‘ఫలానా ఊరివారు’ అను పిలుపు పుట్టును. కనుక అట్టి ఇంటిపేరు తెలుపునది నివాసమును గాదు, వలసను.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు జన్మించిన ముద్దేనహళ్ళి పూర్వము కోలారు జిల్లాలోనిది. 2007 నుండి చిక్కబళ్ళాపురం జిల్లాలో నున్నది. మోక్షగుండ మన్ననో ఆంధ్రదేశమున గిద్దలూరు ప్రాంతపు గ్రామము. పూర్వులు విడిచివచ్చిన ఊరు ఆయన పేరులో నిలిచినది. ఆయన మైసూరునకు కృష్ణరాజసాగరము నిచ్చుటలో ముఖ్యుడు. 1908లో మూసీ వరద ముంచిన హైదరాబాదు రక్షణకును పథకము వేసెను. 1955లో భారతరత్న వచ్చినది ఇట్టి సేవకు గాని పేరునకు గాదు.

1887లో ముళబాగల్‌లో జన్మించిన డి. వి. గుండప్పగారి పేరులోని మొదటి అక్షరము దేవనహళ్ళిది. పుట్టిన ఊరికి ఆ పేరులో చోటు లేదు. అంతమాత్రమున ఆయన ముళబాగల్‌కు పరాయివాడు కాలేదు. జ్ఞానపీఠ పురస్కార మందిన మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటిభాష తమిళము. మాలూరు తాలూకాలోని మాస్తి గ్రామము ఆయన పేరై కన్నడ సాహిత్యమున స్థిరపడినది.

వర్తకుల సంగతియు నంతే. ఓసవాలులు మార్వాడు దేశపు ఓసియాను, ఖండేల్వాలులు ఖండేలాను తమ పేర్లలో మోయుచు దూరదేశపు బజారులలో వ్యాపారము చేయుచున్నారు. జైనశాస్త్రము గోత్రమును ఎనిమిది కర్మములలో నొకటిగా లెక్కించినది. అనగా అది ఆత్మకు తగులుకొన్నదే కాని ఆత్మస్వభావము కాదు. ఉత్తరాధ్యయన సూత్రములోని హరికేశబల ముని శ్వపాక కులమున పుట్టియు తపస్సుచే పూజ్యుడయ్యెను.

అట్లయిన ఇంటిపేరు వ్యర్థమా? కాదు. కోలారు బంగారు గనులలో పనికై పలుప్రాంతముల జనము చేరిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడగా, బ్రదుకుతెరువు వెదకుచు మరల ఊళ్ళు పట్టిరి. ఇట్లు తిరుగు కుటుంబములకు వెనుకటి దారిని తెలుపు గుర్తులలో ఇంటిపేరొకటి. అది నేడు ఒక్క అక్షరముగా కుదించుకుపోయి, ఆ అక్షరమున కర్థమేమో పిల్లలకు తెలియకున్నది. పెద్దలు కూర్చుండబెట్టి చెప్పవలెను.

అయితే చెప్పవలసిన దింకొకటి కలదు. దుకాణమున అరువిచ్చునప్పుడు, ఇల్లు అద్దెకిచ్చునప్పుడు, సంబంధము చూచునప్పుడు, ఇంటిపేరు విని ‘మనవారు’, ‘బయటివారు’ అని తేల్చువారున్నారు. తమ పూర్వులును ఒకనాడు బయటివారుగానే ఒక ఊరు చేరిరనియు, అచ్చటివారు నీడనిచ్చుటచేతనే ఆ పేరు నిలిచినదనియు వారు మరచుచున్నారు. ఇంటిపేరును పెట్టుబడి పద్దున వ్రాయరాదు. బాకీ పద్దున వ్రాయవలెను. నాడు చోటిచ్చినవారు నేడు లేరు. కనుక కొత్తగా ఊరు చేరినవానికి చోటిచ్చియే ఆ బాకీ తీర్చవలెను.