ఆకు చదివే పెద్దయ్య

ఖమ్మం జిల్లా ముదిగొండలో ఒక పెద్దయ్య ఉండేవాడు. ఆయన అసలు పేరు ఊళ్లో సగం మందికి తెలియదు. ఆకు పెద్దయ్య అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవారు. సాగర్ ఎడమ కాలువ కింద ఊరంతా వరి నాటుతున్నా ఆయన మాత్రం మిర్చిని వదల్లేదు. ఖమ్మం మార్కెట్లో ఆయన తేజ మిర్చి బస్తా విప్పితే కొనేవాళ్లు గుప్పెడు కాయలు తీసి రంగు చూసి, మరో మాట లేకుండా ధర చెప్పేవారు.

ఆయన విద్యంతా ఆకులో ఉండేది. తెల్లవారకముందే చేలోకి దిగి, సాలు వెంబడి నడుస్తూ, అక్కడో ఆకు ఇక్కడో ఆకు తిప్పి చూసేవాడు. అంచులు పైకి మడుచుకుంటే పై ముడత, అంటే తామర పురుగు. కిందికి మడుచుకుంటే కింది ముడత, అంటే నల్లి. ఏ ముడతకు ఏ మందు, ట్యాంకుకు ఎంత, పొద్దున కొట్టాలా, పొద్దు వాలాక కొట్టాలా అన్నీ నోటికి వచ్చు. ఇరుగు పొరుగు రైతులు ఆకు కోసి తువ్వాలు కొంగులో కట్టుకుని ఆయన అరుగు దగ్గరికి వచ్చేవారు. ఆయన ఆకు చూసి మందు పేరు చెప్పేవాడు. మందుల దుకాణంలో కూడా "పెద్దయ్య చెప్పిండా?" అని అడిగి, అదే చేతికిచ్చేవారు.

ఒక ఏడు వానలు ఆలస్యంగా వదిలాయి. తోట ఏపుగా పెరిగింది, పూత విరగబూసింది. ఆ పూత నిలవలేదు. పొద్దున్నే చేలోకి వెళ్తే సాళ్లలో పూలు రాలి పడి ఉండేవి. పెద్దయ్య ఎప్పటిలాగే ఆకు తిప్పి చూశాడు. అక్కడక్కడా కొంచెం ముడత ఉంది గానీ పూత ఇంతగా రాలాల్సిన ముడత కాదు. వానలెక్కువై రాలుతోందనుకుని పూత నిలిచే మందు కొట్టించాడు. నిలవలేదు. తామర పురుగు మందు కొట్టించాడు. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మూడో నాడు మొదటికొచ్చింది. దుకాణంలో రెండు మందులు కలిపి కొట్టమన్నారు, ఆ తర్వాత మూడు. డబ్బులు పంట వచ్చాక ఇద్దురులెమ్మని ఉద్దర రాసుకున్నారు.

కలుపు తీయడానికి వచ్చిన కూలీల్లో ఒకామె ఒకరోజు గట్టు మీద కూర్చున్న ఆయన దగ్గరికి వచ్చింది.

"పెద్దయ్యా, పువ్వులల్ల నల్లటి పురుగులు ఉన్నయి. చెయ్యి తగిలితే రాలి పాకుతున్నయి."

"పువ్వులో ఏముంటదమ్మా? ఏమున్నా ఆకే చెప్తది" అని ఆయన మళ్లీ ఆకు తిప్పాడు.

ఆమె ఇంకేమీ అనలేదు. సాలులోకి వెళ్లి పనిలో పడింది. ఆ సాయంత్రం అదే మాట పెద్దయ్య తమ్ముడి కొడుకుతో చెప్పింది. కుర్రాడు ఒక పువ్వు తుంచి తెల్లకాగితం మీద దులిపాడు. మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు పడ్డాయి, పడి కదిలాయి. మర్నాడు మండలంలోని వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరికి వెళ్లి అడిగాడు. వచ్చి పెదనాన్న ముందు నిలబడ్డాడు.

"పెదనాన్నా, కాలువ పక్కన అర ఎకరం నాకు వదిలేయ్. ఈ మందులు ఆపేద్దాం. నీలం రంగు జిగురు అట్టలు కట్టిస్తా, యూరియా వెయ్యను, వేపనూనె కొట్టిస్తా."

"పంట పోతే?"

"ఎట్లాగూ పోతనే ఉంది గదా."

పెద్దయ్యకు కోపం వచ్చింది. పైకి కనబడింది కోపమే గానీ లోపల ఉన్నది భయం. పురుగు పువ్వులో ఉంటే ఆకు చదివే తన కన్నుకు విలువేముంటుంది? రేపు అరుగు మీదికి ఎవరు వస్తారు? ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. అయినా పొద్దున లేచి అర ఎకరం వదిలేశాడు. తమ్ముడి కొడుకు మీద ప్రేమతో వదిలాడే తప్ప నమ్మి కాదు. మిగతా రెండెకరాల్లో మందులు కొట్టిస్తూనే పోయాడు.

పదిరోజులు గడిచాక ఒకనాడు మధ్యాహ్నం ఆ కూలీ ఆమెను పిలిచాడు. తన తెల్ల తువ్వాలు గట్టు మీద పరిచాడు.

"ఏదీ, ఆ పువ్వు దులుపు."

ఆమె మందు కొట్టిన చేలోంచి నాలుగు పూలు తెచ్చి దులిపింది. తువ్వాలు మీద నల్లని చుక్కలు పరుగెత్తాయి. అర ఎకరం చేలోంచి నాలుగు పూలు తెచ్చి దులిపింది. అక్కడా ఉన్నాయి గానీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటితోపాటు ఒక చిన్న సాలీడు, రెండు అక్షింతల పురుగులు కూడా పడ్డాయి. మందు కొట్టిన చేలో ఆ రెండూ కంటికి కనబడి చాలా రోజులైంది.

పెద్దయ్య చాలాసేపు తువ్వాలు వంక చూశాడు.

"ఎప్పటి సంది చూస్తున్నవమ్మా ఇవి?"

"దసరా ముందు నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిన, పెద్దయ్యా."

ఆ ఏడు రెండెకరాల చేను దున్నేయాల్సి వచ్చింది. అర ఎకరం కాసింది, మామూలు ఏడు కాసే దాంట్లో సగం. దుకాణం బాకీ మాత్రం పూర్తిగా మిగిలింది. మరుసటి ఏడు పెద్దయ్య చేను చుట్టూ జొన్న నాలుగు వరుసలు వేశాడు. నాటిన నెలకే నీలం అట్టలు కట్టించాడు. పొద్దున్నే చేలోకి దిగే అలవాటు మానలేదు. ఆకు చూడ్డమూ మానలేదు, దాంతోపాటు పువ్వూ విప్పి చూసేవాడు. ఎవరైనా ఆకు కోసుకుని అరుగు మీదికి వస్తే, ముందు "మీ కూలీలేమంటున్నరు?" అని అడిగేవాడు.

నీతి

పెద్దయ్య కల్పితం. పురుగు నిజం. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ నల్ల తామర పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. 2021లో మిర్చి మీద పడింది. 2021-22 పంటకాలంలో గుంటూరు నుంచి ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ దాకా తోటలను ఊడ్చేసింది. మనకు తరతరాలుగా తెలిసిన తామర పురుగు లేత ఆకు గీకి ముడత తెస్తుంది. ఇది ముఖ్యంగా పువ్వులో చేరుతుంది. గుడ్లు మొక్క కణజాలం లోపల పెడుతుంది, కోశస్థ దశ నేలలో గడుపుతుంది. పైన ఎంత మందు కొట్టినా ఆ రెండు దశలకూ తగలదు. పైగా సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు దాన్ని తినే మిత్ర పురుగులను చంపి, దానికి దారి సుగమం చేస్తాయి. కాబట్టి ఆ ఏడు ఎంత నేర్పరి రైతు అయితే అంత ఎక్కువ నష్టపోయే ప్రమాదం ఉండేది. తెలియనివాడు అటూ ఇటూ చూస్తాడు. బాగా తెలిసినవాడు తెలిసిన చోటే చూస్తాడు.

అందుకే పాత అలవాటును బద్ధకమనీ మొండితనమనీ తీసిపారేయడం నాకు నచ్చదు. పనిలో పట్టుకున్న ప్రతి అలవాటూ ఒకనాటి గట్టి సమస్యకు దొరికిన మంచి జవాబే. ఆకు చదవడం అజ్ఞానం కాదు, నలభై ఏళ్ల చదువు. సమస్య మారింది, జవాబు మారలేదు, అంతే. మారాల్సి వచ్చినప్పుడు మనిషి ఏది వదలాలో, ఏది వదలకూడదో విడదీసి చూసుకోవాలి. పెద్దయ్య పొద్దున్నే చేలో నడవడం వదిలి ఉంటే రెండో ఏడు కూడా పోయేది. ఆయన వదలాల్సింది ముడత చూడగానే మందు పేరు చెప్పే తొందరను.

ఇలా అలవాటు మార్చుకోవడం మా ప్రాంతంలో ఇదివరకే జరిగింది. పాల్వంచ మండలంలో పునుకుల అనే ఊరుంది, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతులతో పాటు అక్కడికి పత్తి వచ్చింది. పత్తితో పాటు పురుగుమందులు వచ్చాయి. మందులమ్మే వ్యాపారే అప్పు ఇచ్చేవాడు కాబట్టి మందు మానాలన్నా అప్పు మాననిచ్చేది కాదు. 1999లో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ కొద్దిమంది రైతులతో పురుగుమందులు లేని సేద్యం మొదలుపెట్టింది. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటగా ఆముదం, బంతి. మొదట ఊరు నమ్మలేదు. ఆ కొద్దిమంది చేలు చూశాక, ఖర్చు తగ్గిన లెక్క విన్నాక ఒక్కొక్కరూ కదిలారు. మగవాళ్లు వెనకాడిన చోట మహిళా సంఘాలు పట్టుబట్టాయి. చేలో మందు గాలి పీల్చేదీ, ఇంట్లో అప్పువాళ్ల మాటలు పడేదీ ఆడవాళ్లే కదా. 2004 నాటికి పునుకుల పురుగుమందులు వాడని ఊరైంది. ఆ తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, మనం సెర్ప్ అంటామే, అదే పద్ధతిని మహిళా సంఘాల ద్వారా ఉమ్మడి రాష్ట్రమంతటికీ తీసుకెళ్లింది.

పురుగు వల్ల మారిన ఊళ్లు బయటా ఉన్నాయి. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఎంటర్‌ప్రైజ్ పట్టణం 1919లో పత్తిని తినేసిన ముక్కు పురుగుకు స్మారకం కట్టింది. పత్తి పోయాక అక్కడి రైతులు వేరుశనగకు మారి బాగుపడ్డారు కాబట్టి. పురుగుకు దండం పెట్టేంత పెద్ద మనసు నాకు లేదు. 2021-22లో మన పల్లెల్లో మిర్చి రైతుల ఇళ్లలో చావులు జరిగాయి. ఆ ఇళ్ల ముందు నిలబడి ఎవరూ మార్పు మంచిదే అని పాఠం చెప్పలేరు.

చేను దాటి చూసినా ఇదే కథ. ముదిగొండకు పొరుగునే ఉన్న నేలకొండపల్లిలో భూమి లెక్కల సంగతి చూడండి. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) పోస్టులు పోయాయి, అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది, దాన్ని ముందుగా అమలు చేసిన నాలుగు మండలాల్లో నేలకొండపల్లి ఒకటి. అదే ఏడు గ్రామ పాలన అధికారులుగా పాత వీఆర్వోలు, వీఆర్ఏలు మళ్లీ ఊళ్లకు వచ్చారు. చేత్తో పహాణీ రాసే అలవాటు వాళ్లకు ఇక అక్కరకు రాదు. ఏ గట్టు ఎవరిదో, ఏ సర్వే నంబరులో అన్నదమ్ములు ఎక్కడ పంచుకున్నారో తెలిసిన జ్ఞానం మాత్రం ఏ కంప్యూటరూ ఇవ్వలేదు. పెన్ను వదిలి ఆ జ్ఞానాన్ని నిలుపుకున్నవాళ్లకే ఊరు పనిచెబుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మారండి, మారండి అని పనిచేసేవాళ్లకు చెప్పడం సులువు. అప్పు మీద అప్పు ఉన్న కౌలు రైతు పాత మందే కొడతాడు. దాంతో నష్టపోతే నలుగురూ కాలం బాగాలేదంటారు, కొత్తది చేసి నష్టపోతే తెలివితక్కువవాడంటారు. ఆఫీసులో ఉద్యోగిదీ అదే భయం. పెద్దయ్య మారగలిగింది ఆయన దగ్గర వదులుకోగలిగిన అర ఎకరం ఉంది కాబట్టి, నిజం చెప్పే కూలీ ఉంది కాబట్టి. పునుకుల మారింది, మొదట కొద్దిమంది చేలలో చేసి చూపించారు కాబట్టి. ఆ చిన్న ముక్క లేనివాడిని మారమనడం న్యాయం కాదు.

వ్యవసాయ శాఖకు నా విన్నపం ఒకటుంది. తెలంగాణలో రైతుల సమావేశాల కోసం 2,601 రైతు వేదికలు కట్టారు. జూలైలో మిర్చి నారు పోయకముందే ప్రతి వేదిక పరిధిలో ఒక కౌలు రైతు చేలో అర ఎకరం కొత్త పద్ధతికి తీసుకోండి. జిగురు అట్టలు, వేపనూనె మీరే ఇవ్వండి. ఆ అర ఎకరం పోతే నష్టం మేమే భరిస్తామని కాగితం మీద రాసివ్వండి. కలుపు తీసే కూలీలను వేదికలో జరిగే సమావేశానికి పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి.