హక్కు మనదే, ప్రాణం మాత్రం అమానతు

రోడ్డు మీద ప్రమాదం జరిగినప్పుడు మొదట వినిపించే మాట "నా తప్పేమీ లేదు" అనేదే. చాలాసార్లు ఆ మాట నిజమే కూడా. మోటారుసైకిలు మీద వెళ్లేవాడు తన దారిన తాను సరిగ్గానే వెళ్తుంటాడు. సెల్‌ఫోన్‌లో మాట్లాడుతూ కారు నడిపేవాడు ఇండికేటర్ కూడా వేయకుండా అడ్డంగా తిప్పేస్తాడు. చట్టం బండివాని పక్షానే ఉంటుంది. కేసు కారు నడిపినవాని మీదే నమోదవుతుంది. కాని జనాజా మాత్రం బండివాని ఇంటి నుంచి లేస్తుంది.

ఇక్కడ మనం ఆలోచించవలసిన ప్రశ్న ఒకటుంది. ఎదుటివాడు తనను చూడటం లేదని గ్రహించి కూడా, హక్కు నాదేనన్న ధీమాతో ముందుకు వెళ్లి ప్రాణం పోగొట్టుకున్న విశ్వాసి ఆ ప్రాణం గురించి అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవాలా, వద్దా? తప్పు ఎదుటివాడిది కనుక ఇతనికి ప్రశ్నే ఉండదని కొందరంటారు. ఇతరుల అజాగ్రత్త నుంచి కూడా తనను కాపాడుకోవడం ఇతని బాధ్యతేనని, దాన్ని వదిలేస్తే ప్రశ్న తప్పదని నేననుకుంటున్నాను. ఎందుకో వివరిస్తాను.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండేవారికి ఇది పుస్తకాల్లోని చర్చ కాదు. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం మీదుగా జాతీయ రహదారి సాగుతుంది. పాత లెక్కలో అది 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు. దూరప్రాంతాల లారీలు, కార్లు ఆ దారిలో ఆగకుండా పరుగెత్తుతుంటాయి. ఆ దారికే పల్లెల నుంచి బండ్లు, ఆటోలు, సైకిళ్లు వచ్చి కలుస్తాయి. డివైడర్ మధ్య ఖాళీ ఉన్న ప్రతిచోటా ఎవరో ఒకరు తిరుగుతుంటారు. కొంచెం దూరం కలిసివస్తుందని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చేవారికీ కొదవ లేదు. 2012 నవంబరు 2న తెల్లవారకముందే, రణస్థలం మండలంలో ఇదే రహదారి మీద మాజీ కేంద్రమంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు ప్రయాణిస్తున్న కారు ఆయిల్ ట్యాంకర్‌ను ఢీకొని ఆయన మరణించిన సంగతి జిల్లా ప్రజలెవరూ మరచిపోలేదు. చుట్టూ ఇనుప గోడ ఉన్న కారులో కూర్చున్నవారి సంగతే అలా ఉంటే, రెండు చక్రాల మీద ఒంటరిగా వెళ్లేవాని సంగతి చెప్పాలా?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. వీరందరూ దూకుడుగా నడిపి చనిపోయారనుకుంటే పొరపాటు. అమెరికాలో ప్రొఫెసర్ హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెల్స్ ప్రాంతంలో 900 మోటారుసైకిలు ప్రమాదాలను స్వయంగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. మరో వాహనంతో జరిగిన ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతులు, ఆ రెండో వాహనం నడిపినవాడు మోటారుసైకిలుకు దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయని అందులో తేలింది. అసలు మోటారుసైకిలు తమకు కనిపించలేదన్నదే ఆ డ్రైవర్లలో చాలామంది మాట. అది అన్నిసార్లూ అబద్ధం కాదు. కారు ముందు అద్దానికి పక్కనుండే స్తంభం ఒక మనిషినీ బండినీ పూర్తిగా మరుగుపరచగలదు. కారు కోసం, లారీ కోసం వెతికే కన్ను సన్నని బండి మీద నిలవదు. అంటే ఎదుటివాడు మన వైపు చూస్తూ కూడా మనల్ని చూడకపోవచ్చు.

ఈ సంగతి తెలిశాక మన బాధ్యత మారిపోతుంది. తెలియనివాడు వేరు, తెలిసినవాడు వేరు.

మన దేహం, ప్రాణం మన సొంత ఆస్తి కావు. అవి అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ధర్మశాస్త్రం రక్షించదలచిన అయిదు విషయాల్లో ప్రాణరక్షణ ఒకటని ఇమామ్ గజాలీ వంటి పండితులు వివరించారు. మిమ్మల్ని మీరే చేతులారా వినాశనంలో పడవేసుకోవద్దన్న ఆజ్ఞ బఖరా సూరా 195వ ఆయతులో ఉంది. అది దైవమార్గంలో ఖర్చు చేయడం గురించిన సందర్భంలో వచ్చిన మాట, దాన్ని ఇక్కడికి లాగడమేమిటని ఎవరైనా అడగవచ్చు. సందర్భం అదే. కాని ఆ మాట పదాలు విశాలమైనవి. అందుకే ఫుఖహాలు ప్రాణానికి హాని తెచ్చే ప్రతి పనికీ దాన్ని ఆధారంగా చూపుతూ వచ్చారు.

మరి హక్కు సంగతి? తన పక్షాన న్యాయం ఉన్నా వాదాన్ని వదిలేసినవానికి స్వర్గపు అంచుల్లో ఒక గృహానికి తాను హామీ అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) చెప్పినట్లు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఆ హదీసు మాటల పోరు గురించే. కాని కూడలిలో ఇద్దరు ఒకేసారి ముందుకు దూకడం కూడా వాదం కాక మరేమిటి? కాకపోతే నోటితో చేసే వాదం మర్నాటికి చల్లారుతుంది, చక్రాలతో చేసేది చల్లారదు. బ్రేకు వేసి కారును పోనిచ్చినవాడు ఓడిపోలేదు. తన హక్కును కొన్ని క్షణాలపాటు వదిలి అమానతును నిలుపుకున్నాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. తప్పు చేసేది కారువాడు, జాగ్రత్త పడవలసింది బండివాడా? ఇలా చెబుతూ పోతే అన్యాయం చేసేవాడు తప్పించుకుని, బలహీనుడి మీదే భారం పడదా? చనిపోయినవాని తల్లితో మీ అబ్బాయి జాగ్రత్తగా ఉండాల్సింది అనడం ఎంత క్రూరం! నిజమే, ఆ మాట ఆ ఇంట్లో అనకూడదు. కాని రెండు లెక్కలను కలపకూడదు. కారువాని లెక్క కారువానిదే, బండివాని జాగ్రత్త వల్ల గాని అజాగ్రత్త వల్ల గాని అతని నిర్లక్ష్యపు పాపం ఆవగింజంత కూడా తగ్గదు. దొంగ పాపం దొంగదే అయినా మనం ఇంటికి తాళం వేస్తాం కదా.

వాహనం నడిపేవాని లెక్క ఎంత కఠినమో మన ఫిఖ్హ్ గ్రంథాలు చూస్తే తెలుస్తుంది. మదరసాల్లో చదివినవారికి బుర్హానుద్దీన్ మర్గీనానీ రాసిన హిదాయా సుపరిచితం. ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన ఆ గ్రంథంలో దియత్ ప్రకరణంలో గుర్రాలు, ఒంటెలు చేసే నష్టం గురించి ఒక అధ్యాయం ఉంది. అందులో మూలసూత్రం ఇది: అందరి దారిలో నడిచే హక్కు అందరికీ ఉంది, అయితే తప్పించదగిన హాని ఎవరికీ కలగకూడదన్న షరతు మీద. స్వారీ చేసేవాని జంతువు ఎవరినైనా తొక్కినా, తలతో పొడిచినా, కరిచినా బాధ్యత రౌతుదే. ఎందుకంటే ముందు జరిగేది అతను చూసి ఆపగలడు. నడుస్తూ నడుస్తూ అది వెనక కాలితో తన్నినా, తోకతో కొట్టినా బాధ్యత లేదు, అది అతని చేతిలో లేనిది. అదే జంతువును నడిరోడ్డు మీద నిలిపి ఉంచితే మాత్రం వెనక కాలి తన్నుకు కూడా అతనే బాధ్యుడు. నడవకుండా ఉండలేడు గాని దారిలో నిలపకుండా ఉండగలడు కదా! గిట్ట తగిలి చిన్న గులకరాయి ఎగిరి ఒకరి కన్ను పోతే రౌతు మీద బాధ్యత లేదు. పెద్ద రాయి ఎగిరితే ఉంది, దురుసుగా తోలితేనే పెద్ద రాయి ఎగురుతుంది.

ఈ చివరి మాట చదివినప్పుడల్లా ఆ ఫుఖహాల చూపు ఎంత సూక్ష్మమో అనిపిస్తుంది. రాత్రిపూట వెనక లైటు లేకుండా రహదారి అంచున నిలిపిన లారీని ఆ సూత్రం మీద పెట్టి చూడండి. అద్దంలో చూడకుండా తలుపు తెరిచే కారును చూడండి. 1993 జూన్‌లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఇలాంటి సూత్రాలనే మోటారు వాహనాలకు అన్వయించి, డ్రైవర్ తన వల్ల కలిగిన నష్టానికి బాధ్యుడని, షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం ధర్మరీత్యా వాజిబ్ అని తీర్మానించింది.

మోటారుసైకిలు నడిపేవాడు కూడా స్వారీదారుడే. తప్పించదగిన హాని అన్న మాట అతనికీ వర్తిస్తుంది. అతని వల్ల నష్టపోయే మొదటి మనిషి అతనే, రెండో మనిషి వెనక కూర్చున్న భార్య, మూడోది ట్యాంకు మీద కూర్చోబెట్టిన పిల్లవాడు.

మన యువకుల నోట తరచు వచ్చే జవాబు తఖ్దీర్. రాసిపెట్టి ఉంటే హెల్మెట్ ఆపుతుందా అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు వెళ్తూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు ముందు ప్రాంతంలో మహమ్మారి ప్రబలిందని తెలిసింది. సంప్రదింపుల తర్వాత వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపే వెళ్తున్నామని ఆయన బదులిచ్చారు. ఒంటెను కట్టి తవక్కుల్ చేయమన్న ప్రవక్త (స) ఉపదేశం తిర్మిజీలో ఉంది. బ్రేకు వేయడం కూడా తఖ్దీర్‌లోనిదే.

ఈ జాగ్రత్త ఆచరణలో ఎలా ఉంటుందంటే, రోడ్డు మీద నేను ఎవరికీ కనిపించడం లేదు అనుకుని నడపడమే. అడ్డరోడ్డు మీద ఆగి ఉన్న కారు డ్రైవర్ ముఖం చూసి భరోసా పెట్టుకోకండి, ముందు చక్రం చూడండి. చక్రం కదిలిందంటే అతను వస్తున్నట్టే. విజయనగరంలో గంటస్తంభం దగ్గర, మూడు లాంతర్ల దగ్గర, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు ఒక తలుపు తెరుచుకునేంత దూరం వదలండి. లారీ ఎడమ పక్కన ఇరుక్కుని వెళ్లకండి, మీరు దాని అద్దంలో కనిపించరు, అది ఎడమకు తిరిగితే మీకు చోటుండదు. ముందు వాహనానికి దగ్గరగా అంటుకుని పోవద్దు. డివైడర్ ఖాళీ వస్తోందంటే వేగం తగ్గించి వేళ్లు బ్రేకు మీదకు తీసుకోండి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. అది కరెంటు దండగ అని విసుక్కుంటారు గాని, మీరు కనిపించాలనే ఆ ఏర్పాటు.

హెల్మెట్ విషయంలో మా వర్గం వారికి ఒక మాట. టోపీ, తలపాగా ఉన్నాయి కదా అని కొందరు ఉలమాలు హెల్మెట్ లేకుండానే మస్జిదుకు బయలుదేరుతారు. టోపీ జేబులో పట్టే వస్తువు. హెల్మెట్ పెట్టుకుని, దాని పట్టీ బిగించి వెళ్లి, మస్జిదు గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుంటే సున్నతుకు వచ్చే లోటేమీ లేదు. వెనక కూర్చునే స్త్రీల బురఖా, దుపట్టా చక్రంలోనో చైనులోనో చిక్కుకుని జరిగే ప్రమాదాలు మన ఇళ్లకే ప్రత్యేకమైనవి. బండికి శారీ గార్డ్, చైన్ కవర్ తీసేయకండి. కూర్చోగానే అంచులు ఒళ్లోకి తీసుకోవాలని ఇంట్లో ఆడపిల్లలకు నేర్పండి.

ఇక రంజాన్ సాయంత్రాలు. మగ్రిబ్ దగ్గరపడేకొద్దీ, చీకటి పడే ఆ వేళలోనే, బండ్ల వేగం పెరుగుతుంది. ఇఫ్తార్ ఆలస్యం చేయవద్దన్న ఉపదేశం సమయమయ్యాక జాప్యం చేయవద్దని, ఇంటికి దూసుకుపొమ్మని కాదు. జేబులో ఒక ఖర్జూరం, బండికి ఒక నీళ్ల సీసా ఉంటే దారి పక్కన ఆగి రోజా విరమించవచ్చు. నమాజుకు పరుగెత్తుకుంటూ రావద్దని, నెమ్మదిగా రమ్మని సహీహ్ హదీసుల్లో ఉంది. అరఫాత్ నుంచి తిరిగి వస్తూ వెనక ఒంటెలను అదిలిస్తున్న గోల విని, ప్రశాంతంగా నడవండి, పుణ్యం తొందరలో లేదని ప్రవక్త (స) ప్రజలకు సైగ చేశారని బుఖారీలో ఉంది. హజ్ ప్రయాణంలోనే తొందర పుణ్యం కానప్పుడు జుమా నమాజుకు ఎలా అవుతుంది?

ఇంతదాకా బండివాని గురించే చెప్పుకున్నాం. కాని మన ఇళ్లలో లారీ, ఆటో, కారు నడిపి బతికేవారు కూడా ఉన్నారు. సోమవారం బండి మీద బిక్కుబిక్కుమంటూ వెళ్లినవాడే ఆదివారం పెళ్లికి అద్దెకారు నడుపుతాడు. వారికి తెలియవలసిన సంగతి ఒకటి ఉంది. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం తీసినవాని గురించి నిసా సూరా 92వ ఆయతులో రెండు బాధ్యతలు ఉన్నాయి. ఒకటి దియత్, అది వారసులు క్షమిస్తే తొలగుతుంది. రెండోది కఫ్ఫారా, అది వారసులు క్షమించినా పోదు. ముస్లిములతో ఒడంబడిక ఉన్న జాతికి చెందినవాడు చనిపోయినా ఈ రెండూ ఉన్నాయని అదే ఆయతులో ఉంది. ఇన్సూరెన్సు కంపెనీ చెల్లించే నష్టపరిహారం సంగతి ముఫ్తీలను అడిగి తెలుసుకోవాలి గాని, కఫ్ఫారా మాత్రం ఏ కంపెనీ చెల్లించేది కాదు. జంతువు తొక్కి మనిషి చనిపోతే దాని మీద కూర్చున్న రౌతుకు కఫ్ఫారా తప్పదని హిదాయాలోనే ఉంది. దెబ్బ తగిలినవానిని వదిలి పారిపోయేవాడు మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనును కూడా ఉల్లంఘిస్తున్నాడు, గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ విధి అని ఆ సెక్షన్ చెబుతోంది.

ఆయతులో మొదట చెప్పిన కఫ్ఫారా ఒక విశ్వాసి బానిసను విడుదల చేయడం. ఈ కాలంలో అది సాధ్యం కాదు కనుక మిగిలింది రెండు నెలల ఉపవాసం, అదీ వరసగా. రంజాన్ నెల గాని, రెండు ఈదుల రోజులు, తష్రీఖ్ రోజులు గాని మధ్యలో రాకుండా చూసి మొదలుపెట్టాలి. కోర్టులో నిర్దోషిగా బయటపడ్డా, నిర్లక్ష్యం తనదేనని మనసుకు తెలిస్తే ఇది ఉంటుంది. నలభయ్యో రోజున సరైన కారణం లేకుండా ఒక్క ఉపవాసం వదిలినా లెక్క మళ్లీ ఒకటి నుంచే.