గాంధారం దిగిందంటే విను

అమ్మలూ,

టీవీ పాటల పోటీలో నువ్వు గెలిచిన రాత్రి మన వీధంతా టపాకాయలు కాల్చారు. మూడు నెలలు తిరక్కుండానే నీ గొంతు మీద, ఒంటి రంగు మీద, కట్టుకున్న ఓణీ మీద ఊరూ పేరూ లేనివాళ్ళు రాసే రాతలు చదువుతూ అర్ధరాత్రిదాకా మేలుకుంటున్నావట. మీ అమ్మే చెప్పింది. దాని మీద కోప్పడకు.

నలభై ఏళ్ళు ఫిడేలు పక్కవాద్యం వాయించినవాణ్ణి. బజార్లో ఎవరూ గుర్తుపట్టని బతుకు. హాయిగానే గడిచిందిలే. అయినా ఒకసారి ఓ పత్రికలో నా గాంధారం దిగిందని రాశారు. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగోనాడు తలుపేసుకుని వాయించి చూసుకున్నాను. దిగిన మాట నిజమే! అప్పట్నుంచి నాకదే కొలత. తిట్టులో స్వరం పేరుంటే వింటాను. నా మొహం సంగతుంటే వినను.

సావిత్రిగారి కథ నీకు సినిమాగా తెలుసు. మా తరానికి ఆవిడ ఇంట్లో మనిషి. 1950లో 'సంసారం'లో కథానాయిక వేషం చేతికొచ్చి జారిపోయింది. తట్టుకుంది. పోగొట్టుకోవడానికి అప్పటికింకా పేరే లేదుగా. ఏడేళ్ళకల్లా 'మాయాబజార్'. 'మూగమనసులు'ని తమిళంలో 'ప్రాప్తం'గా తానే తీసి, తానే దర్శకత్వం చేసి 1971లో చేతులు కాల్చుకునే నాటికి, పడితే ఎముకలు మిగలనంత ఎత్తున ఉంది. తాగుడని ఒక్కమాటలో తేల్చేస్తారు జనం. నేనొప్పుకోను. భజన సాగేచోట వద్దని చెప్పే గొంతు ఎవరికి వినబడుతుంది? ఏడాదిన్నర పైగా స్పృహ లేకుండా పడి ఉండి, 1981 డిసెంబరు 26న పోయింది మహాతల్లి.

బాలమురళిగారూ మాటలు పడ్డారు. లవంగి, మహతి లాంటివి నాలుగేసి స్వరాలతో కట్టారని, అవీ రాగాలేనా అని విద్వాంసులే తగవుకొచ్చారు. ఆయన కచ్చేరీల్లో పాడుతూనే వచ్చారు. అది రాగం గురించిన తగవు. అలాంటిది నీకూ వస్తే అదృష్టమనుకో.

తిట్లు చదవొద్దంటే సరేనంటావు. పొగడ్తలు మాత్రం చదువుకుంటానంటావు. కుదరదు తల్లీ. చప్పట్లు లెక్కపెట్టిన వేళ్ళే తిట్లూ లెక్కపెడతాయి. రెండూ మానెయ్. అప్పటికీ నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. గొంతు బొంగురుపోతే వెళ్ళమూ? ఇదీ అంతే, నామోషీ ఏముంది.

శనివారం రా. ఫోను మీ అమ్మ దగ్గర పడేసి రా. అమ్మమ్మ పెసరట్లు పోస్తానంటోంది. ఇంకో సంగతి. ఫైనల్లో పాడిన పాటలో, రెండో చరణం ఎత్తుకున్నచోట నీ శ్రుతి జారింది. జడ్జీలెవరూ చెప్పలేదు. అదొక్కటి కూర్చుని సరిచేసుకుందాం.

మీ తాతయ్య